భక్తుల కంచు విగ్రహాలు: గృహార్చన సంప్రదాయం

దేవుడి పక్కన భక్తుణ్ణి కూడా నిలిపి పూజించడం దక్షిణాది ఆరాధనలో గట్టిగా వేళ్లూనుకున్న ఆచారం. శైవంలో 63 మంది నాయనార్లు, వైష్ణవంలో 12 మంది ఆళ్వారులు, వారి తర్వాత వచ్చిన ఆచార్యులు, యతులు, వాగ్గేయకారులు ఇలా పూజలందుకుంటున్నారు. గుళ్లలో వీరికి నిలువెత్తు ఉత్సవమూర్తులుంటే, ఇళ్లలో జానెడు లోపు ప్రతిమలుంటాయి. ఈ ఇంటి ప్రతిమలను కంచుతో, ఇత్తడితో, పంచలోహంతో చేతిపనిగా చేస్తారు. ఈ పనికి నేటికీ ప్రధాన కేంద్రం తమిళనాడులో కావేరి తీరాన, కుంభకోణానికి పడమరగా కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న స్వామిమలై. సుబ్రహ్మణ్యస్వామి ఆరు ప్రధాన క్షేత్రాల్లో ఒకటైన ఈ ఊరి కంచు విగ్రహాలకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

భక్తుడి విగ్రహం చేయడం దేవుడి విగ్రహం చేయడం కంటే ఒక విధంగా కష్టం. విష్ణువుకు శంఖచక్రాలు, శివుడికి పరశువూ లేడీ ఉంటాయి. నాలుగు చేతుల్లో రెండింటి నిండా ఆనవాళ్లే. చూడగానే ఎవరో తెలుస్తుంది. భక్తుడు మనిషి. అతనికి ఉన్నవి రెండే చేతులు. ఆ రెండు చేతుల్లోనే అతని జీవితమంతా కనిపించాలి. ఏ వేలు ఎటు చూపుతోంది, ఏ పనిముట్టు భుజాన ఉంది, తల మీద జుట్టు ఉందా లేదా అన్న చిన్న చిన్న గుర్తులతో శిల్పి ఒక చరిత్ర చెబుతాడు. మూడు నాలుగు అంగుళాల బొమ్మలో ముఖం గోరంత కూడా ఉండదు కనుక ఈ భారమంతా చేతుల మీదే పడుతుంది.

చరిత్ర

నాయనార్ల లోహ ప్రతిమలకు తిరుగులేని తొలి సాక్ష్యాల్లో ఒకటి తంజావూరు బృహదీశ్వరాలయ శాసనాల్లో ఉంది. మొదటి రాజరాజు (985–1014) పాలనలో ఆలయ వ్యవహారాలు చూసిన ఆదిత్తన్ సూర్యన్ అనే అధికారి గుడికి సమర్పించిన విగ్రహాల జాబితా అది. అందులో సుందరర్, ఆయన భార్య పరవై నాచ్చియార్, అప్పర్, సంబంధర్, శిరుత్తొండర్, అతని కొడుకు శిరాళన్ ఉన్నారు. వీరిలో చివరి ఇద్దరూ తెలుగువారికి బాగా తెలిసినవారే. పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలోని సిరియాళుడు, శ్రీనాథుడి హరవిలాసంలోని చిరుతొండనంబి కథలు వీరివే. సేక్కిళార్ పెరియపురాణం రాసింది 12వ శతాబ్దంలో. అంటే నాయనార్ల చరిత్ర మహాకావ్యంగా రూపుదిద్దుకోకముందే వారి లోహమూర్తులు గుడిలో పూజలందుకుంటున్నాయి.

ఆ ప్రతిమలు వీధిలో ఊరేగేందుకు చేసినవి. మైలాపూరు కపాలీశ్వరాలయంలో ఫాల్గుణ మాసపు బ్రహ్మోత్సవంలో 63 మంది నాయనార్ల విగ్రహాలూ వరుసగా వీధుల్లోకి రావడం ఇప్పటికీ చూడవచ్చు. గుడి మూర్తుల పీఠాలకు మోతకర్రలు దూర్చేందుకు రంధ్రాలో కడియాలో ఉంటాయి. ఇంటి ప్రతిమకు ఆ అవసరం లేదు గనుక పీఠం సాదాగా ఉంటుంది. చోళుల తర్వాత పాండ్య, విజయనగర రాజుల కాలంలోనూ, 1532 నుంచి 1673 దాకా తంజావూరును ఏలిన తెలుగు నాయక రాజుల కాలంలోనూ పోతపని ఆగలేదు. అయితే చోళ శిల్పంలోని మెత్తని ఒంపులు క్రమంగా తగ్గి, నగలు, మడతలు, గీతలు పెరిగాయి. నాయకుల నాటి విగ్రహాలను తక్కువ చేసి మాట్లాడే అలవాటు కళాచరిత్రకారుల్లో ఉంది. భక్తుల ప్రతిమల విషయంలో ఆ అంచనా సరికాదు. మనిషి పోలికలు, వయసు, వేషం మీద ఆ కాలపు శిల్పులకున్న శ్రద్ధ ఈ ప్రతిమలకు ఎంతో మేలు చేసింది.

గుర్తుపట్టడం ఎలా

తిరుజ్ఞానసంబంధర్ పసివాడు. శీర్కాళి గుడి కోనేటి గట్టున ఆకలితో ఏడిస్తే పార్వతీదేవి పాలు పట్టిందని, నీకు పాలెవరిచ్చారని తండ్రి గద్దిస్తే వేలెత్తి పైకి చూపించాడని కథ. పైకెత్తిన ఆ చూపుడువేలే ఆయనకు గుర్తు. కొన్ని ప్రతిమల్లో రెండో చేత పాలగిన్నె ఉంటుంది. కొన్నింటిలో ఒక కాలెత్తి నాట్యం చేస్తుంటాడు. అప్పుడు బాలకృష్ణుడితో పొరబడే ప్రమాదం ఉంది. ఇద్దరూ మొలనూలు కట్టిన నగ్నశిశువులే, ఇద్దరూ చిందులేసేవారే. మ్యూజియంలలో సైతం ఒకరి పేరు మరొకరికి తగిలించిన సందర్భాలున్నాయి. వేలు చూసి తేల్చుకోవడమే దారి.

అప్పర్ వృద్ధుడు. గుండు చేయించుకున్న తల, మెడలో, చేతులకు రుద్రాక్షలు, జోడించిన చేతులు. భుజానికి ఆనించి కలుపు తీసే చిన్న పార. గుళ్ల ప్రాకారాల్లో మొలిచిన గడ్డిని చెక్కి శుభ్రం చేయడమే ఆయన ఎంచుకున్న సేవ. లోకంలో ఆయుధం పట్టిన దేవతలు ఎందరో ఉన్నారు; వ్యవసాయపు పనిముట్టు భుజాన వేసుకుని పూజలందుకునే మహాకవి మాత్రం అరుదు. సుందరర్ దీనికి పూర్తిగా వేరు. పెళ్లిపీటల మీద ఉండగా శివుడు ముసలి బ్రాహ్మణుడి రూపంలో వచ్చి, నువ్వు నాకు బానిసవని పత్రం చూపించి తీసుకుపోయాడన్నది ఆయన కథ. అందుకే ఆయన ఎప్పుడూ నగలతో, ముడిచిన జుట్టుతో పెళ్లికొడుకులా కనిపిస్తాడు. ఇక మాణిక్కవాచకర్‌కు ఎడమచేత తాళపత్రం, కుడిచేత బోధముద్ర. పై ముగ్గురితో కలిపి ఈ నలుగురినీ ఒకే పీఠం మీద వరుసగా నిలిపే ఇంటి ప్రతిమలు తమిళ శైవ కుటుంబాల్లో బాగా వాడుకలో ఉన్నాయి.

శిల్పకళ పరంగా అందరికంటే సాహసమైన రూపం కారైక్కాల్ అమ్మైయార్‌ది. వర్తకుడి భార్య పునీతవతి తన అందాన్ని తీసేయమని శివుణ్ణి వేడుకుని, ఎముకల గూడులాంటి దేహాన్ని వరంగా పొందిందంటారు. ఎండిన రొమ్ములు, బయటికి పొడుచుకొచ్చిన పక్కటెముకలు, చేతుల్లో తాళాలు, ముఖాన మాత్రం నిండైన ఆనందం. న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఉన్న చోళుల చివరి కాలపు ప్రతిమ ఇందుకు గొప్ప ఉదాహరణ. స్త్రీ సౌందర్యానికి ఇన్ని కొలతలు నిర్ణయించిన శిల్పశాస్త్ర సంప్రదాయమే ఈ రూపాన్నీ ఇంత ప్రేమతో మలిచింది. ఇంటి పూజలో ఈమె ప్రతిమ అరుదుగానే కనిపిస్తుంది. కనిపించిన చోట, శివుడు నాట్యం చేస్తుంటే పాదాల దగ్గర కూర్చుని తాళం వేస్తున్నట్టు ఉంటుంది.

నాయనార్లలో తెలుగునేలకు అతి దగ్గరివాడు కన్నప్ప. ధూర్జటి కాళహస్తీశ్వర మాహాత్మ్యంలోని తిన్నడు ఇతడే. వేటగాడి వేషం, చేత విల్లమ్ములు, కాళ్లకు చెప్పులు. దేవుడి ముందు చెప్పులతో నిలబడ్డ భక్తుణ్ణి అలాగే పూజించడంలో ఆ కథ సారమంతా ఉంది. తిరువెణ్గాడులో దొరికిన చోళ కాలపు కన్నప్ప కంచు విగ్రహం తంజావూరు కళామందిరంలో ఉంది. శ్రీకాళహస్తి యాత్రికులు ఇంటికి తెచ్చుకునే చిన్న కన్నప్ప బొమ్మలు ఎక్కువగా అచ్చుపోతవే కావడం బాధాకరం.

వైష్ణవంలో నమ్మాళ్వారు పద్మాసనంలో కూర్చుని బోధముద్రలో ఉంటాడు. తిరుమంగైయాళ్వార్ కత్తి, డాలు పట్టిన వీరుడు. వైష్ణవులకు అన్నం పెట్టడానికి దారిదోపిడీలు చేసిన దొర కనుక ఆ వేషం. ఆండాళ్‌కు పక్కకు ఒరిగిన కొప్పు. శ్రీవిల్లిపుత్తూరులో ఎడమచేత చిలుక. గుడిలో ఆ చిలుకను ప్రతిరోజూ పచ్చని ఆకులతో, పూలతో కొత్తగా అల్లుతారు. కంచులో పోసినప్పుడు అది అమ్మవారి చేతిలో శాశ్వతంగా ఉండిపోతుంది. ఆచార్యుల్లో శంకరులను, రామానుజులను ఒక్క చూపులో వేరు చేయవచ్చు. శంకరులది శిఖ లేని గుండు, ఏకదండం. రామానుజులకు శిఖ, యజ్ఞోపవీతం, మూడు కర్రలు కలిపి కట్టిన త్రిదండం, జోడించిన చేతులు. ఈ చిన్న తేడాల్లోనే రెండు సన్న్యాస సంప్రదాయాల నియమాలు ఇమిడి ఉన్నాయి. శిల్పికి అవి తెలియకపోతే విగ్రహం ఎంత అందంగా ఉన్నా ఇంటి పెద్దలు పూజలో పెట్టరు.

తయారీ

పద్ధతి పాతదే: మైనంతో బొమ్మ చేసి, దాని చుట్టూ మట్టి పట్టించి, మైనాన్ని కరిగించి తీసేసి, ఖాళీలో లోహం పోయడం. సంస్కృతంలో మధూచ్ఛిష్ట విధానం అంటారు. పశ్చిమ చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు సుమారు 1130 ప్రాంతంలో రచించిన మానసోల్లాసంలో దీన్ని వివరంగా చెప్పాడు. మైనం బరువును బట్టి ఎంత లోహం కావాలో కూడా అందులో ఉంది: వెండి అయితే పన్నెండు రెట్లు, బంగారం అయితే పదహారు రెట్లు. నేటి స్థపతులు (విగ్రహ శిల్పులు) కూడా ముందు మైనపు బొమ్మను తూచి, రాగి మిశ్రమాన్ని దానికి ఎనిమిది నుంచి పది రెట్ల లెక్కన సిద్ధం చేసుకుంటారు.

మొదట కొలత. కొబ్బరాకును విగ్రహం ఎత్తుకు కత్తిరించి, మడతలు పెట్టి, శిల్పశాస్త్రపు కొలతల పద్ధతి అయిన తాళమానం ప్రకారం భాగాలు చేస్తారు. ఉత్తమ దశతాళం అనే మానంలో మొత్తం ఎత్తు 124 అంగుళాలు. ఈ అంగుళం మనం స్కేలు మీద చూసేది కాదు, ఆ విగ్రహం ఎత్తులో 124వ వంతు. ప్రధాన దేవతలకు ఈ మానం వర్తిస్తుంది. భక్తులకు సాధారణంగా అంతకంటే తక్కువ మానం వాడతారు. సంబంధర్ వంటి శిశురూపాలకు ఇంకా తక్కువ. అందుకే ఆ బొమ్మల్లో తల పెద్దదిగా, కాళ్లు పొట్టిగా ఉంటాయి.

తేనెమైనంలో గుగ్గిలం, కొద్దిగా వేరుశనగనూనె కలిపి కాచి, చల్లారాక తల, మొండెం, కాళ్లు, చేతులు విడివిడిగా చేసి, వేడి ఇనుప పరికరంతో అతుకుతారు. గుగ్గిలం మైనానికి గట్టితనం ఇస్తుంది. నూనె చేతికి లొంగేలా చేస్తుంది. ఎండాకాలంలో మైనం మెత్తబడుతుంది గనుక శిల్పి పక్కన నీళ్ల తొట్టి తప్పనిసరి. ఆ తర్వాత లోహం పారడానికి, గాలి పోవడానికి మైనపు నాళాలు అమరుస్తారు. మొదటి పూత కావేరి ఒండ్రుమట్టి. అది పిండిలా సన్నగా ఉండి మైనం మీది గీత గీతనూ పట్టుకుంటుంది. స్వామిమలైలో ఈ వృత్తి నిలదొక్కుకోవడానికి ఆ మట్టే పెద్ద కారణమని అక్కడి స్థపతులు గట్టిగా చెబుతారు. పూత నీడలోనే ఆరాలి. ఎండలో పెడితే పగుళ్లొస్తాయి. దాని మీద పొలంమట్టి, ఇసుక కలిపిన రెండో పూత, ఆపైన ముతకమట్టి. పెద్ద విగ్రహాలైతే ఇనుప తీగలతో బిగిస్తారు. మూసను పిడకల మంటలో కాల్చగానే మైనం కారిపోతుంది. వేడి మూసను నేలలో పాతి, కరిగిన లోహాన్ని సన్నని ధారగా, మధ్యలో ఆపకుండా పోస్తారు. ధార తెగిందా, అంతవరకు పడిన శ్రమంతా వృథా.

పంచలోహం అంటే రాగి, ఇత్తడి, సీసం లేదా తగరం, వెండి, బంగారం. ఆచరణలో అత్యధిక భాగం రాగే. తర్వాతి వాటా ఇత్తడిది. సీసం కొద్దిగా కలిపితే లోహం తేలిగ్గా పారి సన్నని వేళ్ల దాకా చేరుతుంది. రాగి ఒక్కటే అయితే 1,085 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాని కరగదు. మిశ్రమం అంతకంటే తక్కువ వేడిలోనే కరుగుతుంది. వెండి, బంగారం నామమాత్రం. విగ్రహం చేయించుకునే కుటుంబం తమ ఇంట్లోని చిన్న బంగారు ముక్కను తెచ్చి, పోత సమయంలో తమ చేత్తోనే కరుగులో వేయడం కద్దు. లోహశాస్త్రం దృష్టిలో దాని ప్రభావం దాదాపు శూన్యం. ఆ ఇంటివారికి మాత్రం అది తరతరాలు చెప్పుకునే సంగతి.

చల్లారాక మూస పగలగొట్టి విగ్రహాన్ని బయటికి తీస్తారు. మూస పోయింది, మైనమూ పోయింది కాబట్టి అలాంటి బొమ్మ మరొకటి రాదు. తర్వాత ఉలిపని, ఆకురాయి పని, మెరుగు. దక్షిణాదిలో విగ్రహం లోపల బోలు లేకుండా ఘనంగా పోస్తారు. అందుకే జానెడు బొమ్మ కూడా చేతిలోకి తీసుకుంటే అనుకున్నదానికంటే బరువుగా ఉంటుంది. త్రిదండం, తంబుర మెడ వంటి సన్నని భాగాలను చాలాచోట్ల విడిగా చేసి అమరుస్తారు. కళ్లు తెరవడం చివరి ఘట్టం. శుభముహూర్తాన బంగారు ఉలితో ఆ గీతలు దిద్దుతారు.

ఇంత చిన్న పనికి పేరొందిన ఊరే మహాకాయ విగ్రహాలూ చేస్తుంది. 2023లో ఢిల్లీ భారత్ మండపం ముందు నిలిపిన 27 అడుగుల నటరాజు స్వామిమలైలో ఇదే మైనపు పద్ధతిలో తయారైంది.

ఇంట్లో స్థానం

భాగవతం పదకొండో స్కంధం ప్రతిమలు ఎనిమిది రకాలంటూ వాటిలో లోహాన్నీ, మనసునూ సమానంగా చేర్చింది. ఇంటి ప్రతిమ ఎత్తుకు మత్స్యపురాణం హద్దు పెట్టింది: బొటనవేలి కణుపు మొదలు జాన వరకు. అంతకు మించితే గుడి తరహా నిత్యనైవేద్యం, నియమం కావాలన్నది పెద్దల మాట. ఇంటివాళ్లు ఊరికి వెళ్లినా, అనారోగ్యం వచ్చినా ఇబ్బంది రాకుండా చూసిన ఈ హద్దు చాలా వివేకమైనది.

శ్రీవైష్ణవ గృహాల్లో కోయిలాళ్వార్ అనే పూజాపెట్టెలో సాళగ్రామాలతో పాటు ఆళ్వారులు, ఆచార్యులు ఉంటారు. నైవేద్యం ముందు పెరుమాళ్లకు, అంటే విష్ణువుకు. ఆ ప్రసాదమే తర్వాత భక్తులకు. ఈ వరుస మారదు. మాధ్వుల ఇళ్లలో రాఘవేంద్రస్వామిని మనిషి రూపంలో కంటే బృందావన రూపంలో పూజించడమే ఎక్కువ. 1671లో మంత్రాలయంలో ఆయన ప్రవేశించిన బృందావనానికి నమూనాగా వెండితో, ఇతర లోహాలతో చేసినవి ఇంట పెట్టుకుంటారు.

గృహార్చనలో లోహ విగ్రహానికి ఎంతటి చోటుందో త్యాగరాజు (1767–1847) జీవితం చూస్తే తెలుస్తుంది. స్వామిమలై నుంచి కావేరి వెంట పడమరకు వెళితే వచ్చే తిరువైయారులో ఆయన తన ఇంటి రాముడికి పూజ చేస్తూ కీర్తనలు పాడాడు. అన్న ఆ విగ్రహాలను కావేరిలో పారేస్తే ఆయన వెతికి తెచ్చుకున్నాడన్న కథ సంగీత ప్రియులందరికీ తెలిసిందే. ఇంటి విగ్రహం ముందు పాడిన ఆయనే ఇప్పుడు, తంబుర పట్టుకుని కూర్చున్న కంచు బొమ్మగా సంగీతం నేర్పే ఇళ్లలో పూజలందుకుంటున్నాడు.

తెలుగునేలలో

తెలుగువారికి లోహశిల్పం కొత్త కాదు. అమరావతి, బుద్ధపాదు బౌద్ధ కంచు విగ్రహాలు చోళుల కంటే పాతవి. తిరుమల గుడిలో శ్రీకృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలబడిన రాగి ప్రతిమలున్నాయి. భుజాల మీద వారి పేర్లు చెక్కి ఉన్నాయి. రాజును సైతం భక్తుడిగా, రెండు చేతులూ జోడించిన మనిషిగా చూపిన గొప్ప శిల్పాలవి. అన్నమయ్య కీర్తనలు రాగిరేకుల మీద దొరికినట్టే, 2023లో సంబంధర్ పుట్టిన శీర్కాళిలో తేవారం అనే శైవ భక్తి పాటలు చెక్కిన వందలాది రాగిరేకులు కంచు విగ్రహాలతో పాటు బయటపడ్డాయి.

నేటి పరిస్థితి మిశ్రమంగా ఉంది. ఆదిలాబాద్ ఓజాలు డోక్రా పనిలో మైనపు పోతనే వాడతారు. వారి బొమ్మలు గిరిజన దేవతలవి, జంతువులవి. పెంబర్తి ఇత్తడి రేకుపనికి, శ్రీకాకుళం జిల్లా బుడితి పాత్రలకు ప్రసిద్ధి. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే శిల్ప కళాశాలలో లోహశిల్పం నేర్పుతున్నారు. అయినా అన్నమయ్య, రామదాసు, పోతన, వెంగమాంబలకు నాయనార్ల స్థాయిలో స్థిరపడ్డ శిల్పలక్షణాలు ఇంకా ఏర్పడలేదు. అన్నమయ్యకు తంబుర, చిడతలు కుదిరాయి. తరిగొండ వెంగమాంబ ఏ ముద్రలో ఉండాలి, పోతనకు గంటమా నాగలా? వీటిపై శిల్పులు, పండితులు కూర్చుని ఒక మాట మీదికి రావలసి ఉంది. ఇక భారీ పోతల సంగతి చూస్తే, హైదరాబాద్ దగ్గర ముచ్చింతల్‌లో 2022లో ఆవిష్కరించిన 216 అడుగుల రామానుజ విగ్రహాన్ని చైనాలో పోతపోసి భాగాలుగా తెచ్చి అమర్చారు. దాని అడుగున గుడిలో నిత్యపూజకు 120 కిలోల బంగారు రామానుజమూర్తి ఉంది.

సంరక్షణ, కొనుగోలు

తరచూ అభిషేకం జరిగే విగ్రహం కాలక్రమంలో అరుగుతుంది. ముక్కు, కనుబొమలు మెత్తబడతాయి. చింతపండు, నిమ్మ పులుపు మురికిని వదిలిస్తాయి గానీ ప్రతిసారీ లోహపు పలుచని పొరను కూడా తీసుకుపోతాయి. ఉప్పు వాడకపోవడం మంచిది. అందులోని క్లోరైడు తేమతో కలిస్తే పొడిపొడిగా రాలే ఆకుపచ్చ చిలుము పట్టి లోపలికి తొలుస్తుంది. పాలు, పెరుగు, పంచామృతం తర్వాత మంచినీళ్లతో కడిగి పొడిబట్టతో పూర్తిగా తుడిస్తే చాలు. మెరుగు పొడులు రోజూ వాడిన విగ్రహం పదేళ్లలో కళ్లు కోల్పోతుంది.

చేతిపోతను గుర్తుపట్టాలంటే వీపు, చంకలు, పీఠం అడుగు చూడాలి. అచ్చుపోతలో పక్కల సన్నని అతుకుగీత, గుండ్రంగా మొద్దుబారిన వేళ్లు కనిపిస్తాయి. చేతిపోతలో ఉలి గీతలు తెగినట్టు పదునుగా ఉంటాయి. రసాయనాలతో పాతదనం తెచ్చి ప్రాచీన విగ్రహమని అమ్మేవారి విషయంలో రెండింతలు జాగ్రత్త అవసరం. అది మోసమైతే డబ్బు పోతుంది. నిజమైతే ఏ గుడి నుంచో దొంగిలించినది కావచ్చు. కుంభకోణం దగ్గరి సౌందరరాజ పెరుమాళ్ గుడిలోని 16వ శతాబ్దపు తిరుమంగైయాళ్వార్ ఇలాగే మాయమై, 1967లో వేలంలో ఆక్స్‌ఫర్డ్ ఆష్మోలియన్ మ్యూజియం చేతికి వెళ్లాడు. అదే విగ్రహం గుడిలో ఉండగా 1957లో తీసిన ఫోటో బయటపడ్డాక, 2024లో తిరిగి ఇవ్వడానికి విశ్వవిద్యాలయం అంగీకరించింది.

1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన విగ్రహాలను నమోదు చేయించాలి. ప్రైవేటు వ్యక్తులు వాటిని విదేశాలకు పంపకూడదు. కొత్త విగ్రహాన్ని అమెరికాలోని పిల్లల ఇంటికి తీసుకెళ్లాలనుకునే తల్లిదండ్రులు, అది పురావస్తువు కాదని భారత పురావస్తు శాఖ ఇచ్చే ధ్రువపత్రం ముందే తీసుకుంటే విమానాశ్రయంలో చిక్కు ఉండదు. స్వామిమలైలో పేరున్న శిల్పశాలలు చాలావరకు ఆ పత్రాన్ని తామే ఇప్పిస్తాయి.